వెనక్కి దిగిన లాంచి

లాంచి ఇంజిన్ డ్రైవరుకు నది కనబడదు. డెక్కు కింద, నిటారుగా నిలబడితే తల తగిలే గదిలో షుకూరుకు కనబడేవి ఇంజిన్, దానికి బెల్టుతో తిరిగే డైనమో, నెత్తిమీద వేలాడే ఒక బల్బు. పైన చక్రం పట్టుకుని నిలబడే సరంగు చెంచురామయ్యకు ఏం కావాలో గంట చెబుతుంది. ఆయన పైన తాడు లాగితే కింద గంట మోగుతుంది. ఒక గంటకు ముందుకు, రెండు గంటలకు నెమ్మది, మూడు గంటలకు గేరు తీసెయ్యాలి. గంట మోగితే షుకూరు చెయ్యి తనంతట తానే కదులుతుంది. ఎందుకని అడిగే అలవాటు ఆ చేతికి లేదు.

ఒకప్పుడు ఆ లాంచిలో దీపాల కోసం వేరే చిన్న జనరేటరు ఉండేది. నాలుగు రోజులు పనిచేస్తే రెండు రోజులు మొండికేసేది. నడిచే ఇంజిన్ ఒకటి ఉండగా దీపాలకు ఇంకో ఇంజిన్ ఎందుకని షుకూరే పట్టుబట్టి దాన్ని తీయించేశాడు. ఖమ్మంలో పాత లారీలు విప్పే చోట పెద్ద డైనమో ఒకటి వెతికి తెచ్చి, మెయిన్ ఇంజిన్‌కే బెల్టు వేసి బిగించాడు. ఇంజిన్ తిరిగినంతసేపూ కరెంటు. ఆ కరెంటుతోనే బ్యాటరీలు నిండుతాయి. లాంచి నెమ్మదించినప్పుడు, ఆగినప్పుడు దీపాల భారం బ్యాటరీలు మోస్తాయి. చెంచురామయ్య మొదట్లో నవ్వాడు. దున్నే ఎద్దునే పట్టుకుని పాలు గూడ పిండుతానంటున్నవురా అన్నాడు. లాంచి ముక్కు మీద బిగించిన ఫోకస్ లైటు మొదటిసారి అవతలి గట్టు దాకా పాకినప్పుడు మాత్రం, ఆయనే అందరికంటే ముందు దానికి కుంకుమ బొట్టు పెట్టాడు.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి ఊళ్లలోకి వచ్చింది.

భద్రాచలానికి దిగువన అడవి అంచున ఉన్న తునికిరేవులో తెల్లారేసరికి వీధుల్లో నడుములోతు నీళ్లు. మధ్యాహ్నం మొదటి విడతలో ముసలివాళ్లను, పిల్లలను, పిల్లలు చంకనున్న తల్లులను లాంచిలో ఎక్కించి, దిగువన అవతలి ఒడ్డున ఉన్న రాయిగుట్టకు చేర్చారు. గుట్టమీద హాస్టలు భవనం ఉంది. అక్కడికి నీళ్లు రావు. పశువుల తాళ్లు కోసేవాళ్లు, గింజలు అటకెక్కించేవాళ్లు రెండో విడతకు మిగిలారు. వాళ్లలో షుకూరు అక్క మలికా కూడా ఉంది. ఊళ్లో బట్టలు కుట్టే మనిషి. భర్త లేడు. పిల్లలిద్దరినీ పొరుగింటి పున్నమ్మ చేతిలో పెట్టి ముందు పంపించేసి, కుట్టుమిషను విప్పడానికి ఆగిపోయింది.

రెండో విడత బయలుదేరేసరికి ఆలస్యమైంది. ఇళ్ల కప్పుల మధ్య లాంచిని వరదకు ఎదురుగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ దింపుకోవాలి. ఇంజిన్ దాదాపు పూర్తి రేసులో ఉండేది. అయినా లాంచి ఉన్నచోటు నుంచి అంగుళం కదిలేది కాదు. చివరికి మలికా మిషను తలకాయను ఒళ్లో పెట్టుకుని ఇంజిన్ గది మెట్ల మీద కూర్చునేసరికి పొద్దు గూకింది.

లాంచి దిగువకు తిరిగి ఊరు దాటిందో లేదో, పక్కనుంచి దుంగ వచ్చి కొట్టింది. షుకూరు ఇంజిన్ మీదికి తూలాడు. లేచి చూస్తే బ్యాటరీలు పెట్టిన చెక్క విరిగి, రెండు బ్యాటరీలూ కింద పడి పగిలి ఉన్నాయి. అడుగున చేరిన నీళ్లలో యాసిడ్ పొగలు. తల మీది బల్బు ఆరిపోయింది. పైన జనం కేకలు వినబడ్డాయి. ఫోకస్ లైటు కూడా ఆరిపోయిందన్నమాట.

టార్చి పళ్లతో పట్టుకుని అతను బ్యాటరీల తీగలు తెంపేశాడు. డైనమో తీగను నేరుగా లైట్ల తీగకు కలిపి మెలిపెట్టాడు. బల్బు వెలిగింది. పైన కేకలు తగ్గాయి. అతను ఊపిరి పీల్చుకునేలోపే రెండు గంటలు మోగాయి. నెమ్మది.

అలవాటుగా చెయ్యి రేసు తగ్గించింది. బల్బు ఎర్రబడి, నిప్పు కణికలా మారి, ఆరిపోయింది. వెంటనే పైన మళ్లీ కేకలు. ఇప్పుడు చెంచురామయ్య గొంతు అన్నిటికంటే పైన ఉంది. షుకూరు రేసు పెంచాడు. బల్బు వెలిగింది. మళ్లీ రెండు గంటలు. ఈసారి అతని చెయ్యి సగంలో ఆగింది.

సంగతి అప్పుడు పూర్తిగా అర్థమైంది. బ్యాటరీలు లేవు. ఇంజిన్ జోరుగా తిరిగితేనే లైటు. ఇంజిన్ జోరుగా తిరిగితే లాంచి వరదతో పాటు దూసుకుపోతుంది. వరద జోరుకు ఇంజిన్ జోరు తోడైతే, లైటులో ఏదైనా చెట్టు కనిపించేలోపే దాని మీద ఉంటారు. నెమ్మదిస్తే చెట్టు కనిపించనే కనిపించదు. పైన నలభై మందికి పైగా ఉన్నారు.

ఇంజిన్ చప్పుడులో పైనున్న సరంగుకు మాట వినబడదు. షుకూరు అక్క వైపు తిరిగాడు. ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలో సంగతంతా చెప్పి, పైకి పోయి చెప్పి రమ్మన్నాడు. ఆమె మిషనును మెట్టు మీద పెట్టి, కొంగు బిగించి ఎక్కింది. తిరిగొచ్చి చెంచురామయ్య మాటలను ఒక్కటీ వదలకుండా ఆయన తెలుగులోనే అప్పజెప్పింది.

"నీ డైనమోను నీ నెత్తిన పెట్టుకొని గోదాట్ల దుంకుమన్నడు. జనరేటర్ తీసెయ్యమన్నదెవడని అడిగిండు. లైటు గావాలె, లాంచి మెల్లగ పోవాలె, రెండూ గావాలె అన్నడు. ఇంకోటి గూడ అన్నడు గని అది అమ్మ మీద, నేను చెప్ప."

షుకూరు గేరు తీసి చూశాడు. ఇంజిన్ ఖాళీగా తిరిగింది. బల్బు తెల్లగా వెలిగింది. లైటు దొరికిందనుకునేలోపే లాంచి పక్కకు ఒరిగింది. వెనకున్న ఫ్యాను నీళ్లను నెట్టకపోతే చుక్కానికి పట్టు ఉండదు. లాంచి ఆకులాగా గుండ్రంగా తిరగసాగింది. పైన సామాన్లు దొర్లాయి. ఒక గంట, ఒక గంట, ఒక గంట అంటూ ముందుకు, ముందుకు అని చెంచురామయ్య తాడు తెగేలా లాగుతున్నాడు. షుకూరు గేరు వేశాడు.

మలికా మళ్లీ పైకి వెళ్లి వచ్చింది. ఏదన్నా చెట్టుకు కట్టేద్దామని జనం అంటున్నారట. వరదలో వేళ్లు నానిన చెట్టుకు కడితే చెట్టుతో పాటు మనమూ పోతామని చెంచురామయ్య అన్నాడట. నది మలుపు తిరిగే వంక ఇంకొకటుంది, అది దాటితే రాయిగుట్ట కనబడుతుందట. అప్పటిదాకా ఎట్లా అన్నది ఎవరికీ తెలియడం లేదు. ముక్కు మీద లైటు తిప్పుతున్న ఖలాసీ లాల్‌సింగ్ ఇప్పటికే రెండు చెట్లను ఆఖరి క్షణంలో చూశాడట.

"నా పిల్లలు గుట్టమీద చూస్తుంటరు" అంది మలికా. ఆ మాట ఉర్దూలోనే అంది.

షుకూరు రేసు కడ్డీ మీద చెయ్యి వేసి బల్బు వంక చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రం ఇళ్ల కప్పుల దగ్గర ఇదే బల్బు ఎంత తెల్లగా వెలిగిందో గుర్తొచ్చింది. అప్పుడు ఇంజిన్ పూర్తి రేసులో ఉంది, లాంచి కదల్లేదు. ఎందుకు కదల్లేదు? ముక్కు ఎగువకు ఉంది గనుక. ఇంజిన్ ఎగువకు లాగుతుంటే వరద దిగువకు నెట్టింది. రెండూ సరిపోయాయి. ఇప్పుడు కూడా ముక్కు ఎగువకు తిప్పి, రేసు కొంచెం తక్కువగా ఉంచితే? వరదదే పైచెయ్యి అవుతుంది. లాంచి వెనక్కి, మెల్లమెల్లగా, మనిషి నడిచినట్టు దిగుతుంది. లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

"తిప్పమను" అన్నాడు. "ముక్కు ఎగువకు తిప్పి, వెనక్కి దిగుదమని చెప్పు."

మలికా వెళ్లింది. ఈసారి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఆమె గొంతు తగ్గింది.

"కుదరదన్నడు. లాంచిల పానమున్న మనుషులున్నరు అన్నడు."

షుకూరుకు ఆ మాట కొత్త కాదు. ఆ రేవుల మీద తిరిగే లాంచీలన్నిటికీ ఒక పద్ధతి ఉంది. ఏ లాంచి అయినా రేవు దగ్గరికి వచ్చాక ముక్కు ఎగువకు తిప్పే ఆనుతుంది, అది రోజూ ఉండేదే. శవాన్ని తెచ్చే లాంచి మాత్రం రేవు కనబడక ముందే ముక్కు తిప్పేసుకుంటుంది. దూరం నుంచే తోక ముందుగా వస్తుంది. ఏ ఇంటి కబురో తెలియకపోయినా, అది చావు కబురన్నది రేవు మీద ఉన్నవాళ్లకు తెలిసి, గుండె దిటవు చేసుకోవడానికి అంత వ్యవధి ఇస్తారు. చెంచురామయ్య తన చేత్తో అట్లా ఎన్నో శవాలను ఒడ్డుకు చేర్చాడు. కన్న కొడుకును కూడా అట్లాగే తెచ్చుకున్నాడు. బతికున్నవాళ్లను అట్లా తీసుకుపోతే వాళ్లను నదికి ముందే ఒప్పజెప్పినట్టని ఆయన నమ్మకం.

రెండు గంటలు మోగాయి. నెమ్మది. షుకూరు రేసు తగ్గించలేదు. మళ్లీ రెండు మోగాయి. తగ్గించలేదు. లాంచి మీద గంటకు ఎదురు తిరిగిన డ్రైవరు ఉండడు. అయినా అతను కడ్డీని వదల్లేదు. పైన చెట్టుకొమ్మలు లాంచి పక్కను బరబరా గీసుకుంటూ పోయాయి. ఆడవాళ్లు అరిచారు. ఆ కొమ్మలు కనబడింది లైటు ఉండబట్టే. అది చెంచురామయ్యకూ తెలిసే ఉండాలి.

మెట్ల మీద చప్పుడైంది. చక్రాన్ని లాల్‌సింగ్ చేతిలో పెట్టి చెంచురామయ్యే వచ్చాడు. మోకాళ్ల మీద వంగి, తల కిందికి పెట్టాడు. తెల్లటి మీసాల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"గంట ఇనబడ్తలేదారా?"

"ఇనబడ్డది మామా."

"మరి?"

"తగ్గిస్తే లైటు పోతది. తగ్గియ్యకుంటే గిట్లనే పోయి దేనికో కొట్టుకుంటం. తిప్పు మామా. నేను రేసు పట్టుకుంట, నువ్వు చుక్కాని పట్టు. మెల్లగ దించుదం."

"గుట్టమీద ముసలోల్లున్నరు. తోక జూస్తే గుండెలు పగిలి సస్తరు."

"ముందు మనం బతికి చేరాలె గద."

చెంచురామయ్య మలికా వంక చూశాడు. ఆమె మెట్టు మీది మిషనును రెండు చేతులతో పట్టుకుని, ఆయన వంకే చూస్తోంది. ఆయన తల పైకి లాక్కున్నాడు. కాసేపటికి లాంచి పక్కకు ఒరిగింది, వరద అడ్డంగా తగిలి చెక్కలు మూలిగాయి. గంట ఒకటి మోగింది. షుకూరు రేసు నిండుగా ఇచ్చాడు. లాంచి పూర్తిగా తిరిగి నిలబడింది. బల్బు తెల్లగా, నిశ్చలంగా వెలిగింది.

ఆ తర్వాత గంటలతో పని లేకపోయింది. గంట భాషలో ఇంత అని చెప్పడానికి మాట లేదు. మలికా మెట్ల మధ్య నిలబడి పైనుంచి వచ్చే మాటను కిందికి అందించింది. కొంచెం పెంచమన్నడు. చాలు. ఇప్పుడు ఒక ఇసుమంత తగ్గించమన్నడు, ఎంత అంటే కూరల ఉప్పంత. షుకూరు చెవి ఇంజిన్ మీద, కన్ను బల్బు మీద పెట్టాడు. రేసు కాస్త తగ్గితే లాంచి దిగుతుంది, మరికాస్త తగ్గితే లైటు చస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్నది వేలెడంత దూరం. ఎగువ నుంచి కొట్టుకొచ్చే దుంగలు లైటులో ముందే కనబడుతున్నాయి. లాల్‌సింగ్ కేక వేస్తే చెంచురామయ్య చుక్కాని తిప్పి తప్పిస్తున్నాడు. మధ్యమధ్య లాల్‌సింగ్ లైటును వెనక్కి తిప్పి, దిగువన ఏముందో చూసి, మళ్లీ ఎగువకు తిప్పుతున్నాడు. చెమట కళ్లలోకి కారుతున్నా షుకూరు తుడుచుకోలేదు. చెయ్యి ఖాళీ లేదు.

వంక దాటారు. రాయిగుట్ట మీద కందిళ్లు కనబడుతున్నాయని పైన ఎవరో అరిచారు. లాంచి అడ్డంగా జరుగుతూ, వెనక్కి దిగుతూ అవతలి ఒడ్డుకు చేరుకుంది. లాల్‌సింగ్ తాడు విసిరాడు.

తాడు నీళ్లలో పడింది. అతను లాక్కుని మళ్లీ విసిరాడు. ఈసారి గట్టు మీదే పడింది. ఎవరూ పట్టుకోలేదు. తాడు వరదకు జారి మళ్లీ నీళ్లలోకి వచ్చేసింది.

మలికా వంగి చెప్పింది. గట్టు నిండా జనమే ఉన్నారట. కందిళ్లు పట్టుకుని వరసగా నిలబడ్డారట. ఒక్కరు కూడా ముందుకు రావడం లేదట. కొందరు నేల మీద కూలబడి ఏడుస్తున్నారట. అక్క పూర్తి చేయకముందే షుకూరుకు ఎందుకో తెలిసిపోయింది. శవాన్ని తెచ్చిన లాంచి తాడును ఆ శవం తాలూకు ఇంటివాళ్లే అందుకోవాలి. పరాయివాళ్లు ముట్టరు. గట్టు మీద ఉన్న ప్రతి ఇంటికీ లాంచిలో ఒక మనిషి ఉన్నాడు. ఎవరు చెయ్యి చాపితే చావు వాళ్లింటిదవుతుందని, ఎవరికి వాళ్లు చేతులు ముడుచుకుని నిలబడ్డారు.

లాంచిలో జనం గొంతులు చించుకుంటున్నారు. బతికే ఉన్నామని, తాడు పట్టమని. ఆ అరుపులు గట్టుకు చేరడం లేదు. నిండు రేసులో ఉన్న ఇంజిన్ వాటిని మింగేస్తోంది. చేరినా గోలలో అది ఏడుపో పిలుపో తెలియదు. రేసు తగ్గిస్తే మాట వినబడుతుంది. కానీ తగ్గిస్తే లాంచి వరదకు జారిపోతుంది, లైటు ఆరిపోతుంది, గట్టు కింద బండలున్నాయి. దూకుదామంటే గట్టు అంచు నీళ్ల కింద ఎక్కడుందో లాల్‌సింగ్‌కే అంతు పట్టడం లేదు.

ఇంజిన్ చప్పుడు మారింది. పొడి దగ్గులాంటి శబ్దం. బెల్టు వేడెక్కి కమురు వాసన వస్తోంది. ఎక్కువసేపు ఇట్లా నిలబెట్టలేమని షుకూరు అక్కతో చెప్పాడు. చెప్పి తలెత్తేసరికి మెట్ల మీద ఆమె లేదు.

ఆమె పైకి పోయి లాల్‌సింగ్ చెయ్యి పట్టుకుందని తర్వాత తెలిసింది. నీళ్లకేం జూపెడ్తవ్, మాకు పెట్టు లైటు అందట. లాల్‌సింగ్ సరంగు వంక చూశాడు. లైటు ఎగువ నుంచి తీస్తే వచ్చే దుంగ కనబడదు. చెంచురామయ్య చీకటిలోకి చూస్తూ ఒక క్షణం ఆగి, తల ఊపాడట.

కింద ఉన్న షుకూరుకు తెలిసింది ఇంతే. మెట్ల పైనున్న చదరపు సందు ఒక్కసారిగా తెల్లబడింది. డెక్కు మీద మనుషుల కాళ్లు, చీర అంచులు, ఎవరిదో ముంత, అన్నీ పట్టపగలులా కనబడ్డాయి. ముఖాలు లైటుకు పెట్టండి, ముఖాలు పెట్టండి అని మలికా అరుస్తోంది. తలపాగాలు తీయించింది, ముసుగులు తీయించింది. ఒక్కొక్కరినీ భుజం పట్టి లైటు ముందుకు తోస్తోంది. ఎగువన చీకట్లో ఏం వస్తోందో ఎవరికీ తెలియదు. షుకూరు కడ్డీని పట్టుకుని బల్బు వంక చూస్తూ, ఆగకు తల్లీ, ఇప్పుడు ఆగకు అని ఇంజిన్‌తో అన్నాడు.

గట్టు మీద ముందుగా నోరు విప్పింది పున్నమ్మ. లాంచి మీదున్న ఆమె మొగుడు వెంకటనారాయణ లైటు కళ్లలో పడుతుంటే మొహం చిట్లించి, ఆ గోలలోనే చెవి వెనకున్న తడిసిన బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"అగ్గో, మా ఆయన" అంది పున్నమ్మ. "బీడీ ముట్టిస్తుండు. సచ్చినోడు బీడీ తాగుతడా?"

ఆమె చంకలో ఉన్న మలికా చిన్నపిల్లను పక్కనున్న ముసలమ్మకు అందించి, నడుములోతు నీళ్లలోకి దిగి తాడు అందుకుంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక అందరూ. లాంచి పక్క గట్టుకు గుద్దుకున్న అదురు కింద షుకూరు అరికాళ్లకు తగిలింది. అదే సమయానికి ఒక పెద్ద చెట్టు, వేళ్లు పైకి పెట్టుకుని, లాంచి ముక్కును రాసుకుంటూ పోయింది. అది ముక్కు కొసను విరగ్గొట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

జనం దిగారు. మలికా దిగేటప్పుడు మిషను మరిచిపోయింది. గట్టు మీద పిల్లలు ఆమె కాళ్లను చుట్టేసుకుంటే, వాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ లాంచిలోకి వచ్చి, ఇంజిన్ గదిలోకి తొంగి చూసింది. షుకూరు కుడిచెయ్యి కడ్డీ మీదే ఉంచి, ఎడమచేత్తో మిషను ఆమెకు అందించాడు.

లాంచి ఖాళీ అయింది. ముందు తాడు, వెనక తాడు బిగించారని లాల్‌సింగ్ వచ్చి చెప్పాడు. షుకూరు చెయ్యి కడ్డీ మీదనే ఉంది. వేళ్లు విప్పుదామంటే రావడం లేదు. అప్పుడు పైనుంచి ఒక గంట మోగింది. ముందుకు.

షుకూరు అర్థంకాక లాల్‌సింగ్ వంక చూశాడు. లాల్‌సింగ్ అతని చెవి దగ్గరికి వంగి చెప్పాడు. ముసలాయన లాంచిని ఖాళీగా ఒకసారి నడిమికి తీసుకుపోయి, సక్రమంగా ముక్కు ముందు పెట్టుకుని మళ్లీ రేవుకు తెస్తానంటున్నాడట. బతికున్నవాళ్లను తోకతో దింపితే ఆ దోషం ఉండిపోతుందట. తాడు విప్పమని తనకు చెప్పాడట.

మళ్లీ ఒక గంట మోగింది.

షుకూరు ఎడమచేత్తో కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే విప్పుకున్నాడు. ఇంధనం ఆపే తీగను లాగాడు. ఇంజిన్ రెండు ఊపులు ఊగి ఆగింది. బల్బు ఎర్రబడి ఆరిపోయింది. పైన లైటు పోయింది. ఇంజిన్ మోత ఆగిన చోట మనుషుల మాటలు వినబడసాగాయి. పిల్లల్ని పిలిచేవాళ్లు, ఆకలంటున్న పిల్లలు, వెంకటనారాయణను తిడుతున్న పున్నమ్మ, కొండోళ్ల భాషలో ఎవరో ఎవరినో ఓదార్చడం.

చెంచురామయ్య తడుముకుంటూ వచ్చి మెట్ల మొదట్లో నిలబడ్డాడు.

"ఒక గంట కొట్టిన."

"ఇన్న మామా."

"మరి?"

"తెల్లారినంక తిప్పుదం. అందరు జూస్తుంటరు అప్పుడు."

చీకట్లో ముసలాయన మొహం కనబడలేదు. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. మోకాళ్ల చప్పుడు వినిపించింది. ఆయన ఊపిరి ముందు వేగంగా, తర్వాత నిదానంగా వచ్చింది.

"ముక్కు ఇరిగింది గద" అన్నాడు చివరికి. "దానికి ఏమన్న కట్టాలె. ఇరిగిన ముక్కుతోని ఎట్ల తెస్తం."

"లాల్‌సింగ్‌కు చెప్త. పొద్దున తాటిచెక్క వేసి బిగిస్తం."

"బెల్టు గూడ మాడింది. వాసనొస్తున్నది."

"అవ్. అది గూడ మారుస్త."

ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. వేడెక్కిన ఇనుము చల్లారుతూ, ఉండి ఉండి టిక్కు టిక్కుమంటోంది.